నా పేరు నన్నడగండి

మీరే మార్చారు. అటూ ఇటూ చూడకండి, మిమ్మల్నే అంటున్నాను. పరీక్షల విభాగంలో ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళని, "మీకు నచ్చిన పేరుతో చదువుకోండి" అని గేటు దగ్గర నవ్వుమొహాల ఫ్లెక్సీ కట్టించినవాళ్ళని, ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్న ఈ చీఫ్ సూపరింటెండెంట్ రాజేశ్వర్ రావు సార్‌ని. నిన్న మధ్యాహ్నం నేను తీసుకున్న హాల్ టికెట్ మీద కట్టమ్మ అని ఉంది. ఇవాళ పొద్దున పరీక్ష గదిలో సంతకాల షీటు మీద, నా ఫోటో పక్కన, సారంగపాణి అని ఉంది. రాత్రికి రాత్రి పేరు కాళ్ళొచ్చి నడిచిపోదు. మధ్యలో ఎవరిదో చెయ్యి పడింది. ఆ చెయ్యి ఎవరిదో తేలేదాకా సంతకం పెట్టను అన్నాను. పెట్టకపోతే పేపర్ ఇవ్వం అన్నారు. పేపర్ పది గంటలకే అందరికీ ఇచ్చేశారు. అరగంట దాటితే తలుపు మూస్తారు, ఇక దేవుడొచ్చినా తెరవరు. లా ఆఖరి సెమిస్టర్, ఆఖరి పేపర్, సాక్ష్యాల చట్టం. ఇది రాస్తే డిగ్రీ, రాయకపోతే ఇంకో ఏడాది. ఏ పేరు మీద సంతకం పెడితే డిగ్రీ మీద అదే పేరు, ఆ డిగ్రీ చూపించి నల్లకోటు వేసుకుంటే వకాల్తా మీద అదే పేరు, చచ్చేదాకా అదే పేరు. ఇదంతా తెలిసే, సరిగ్గా ఈ పేపర్ రోజే, ఈ పని చేశారని నా అనుమానం.

"చూడు బా..." అన్నారు సార్. నాలుక కరుచుకుని సర్దుకున్నారు. "చూడమ్మా, జర నా మాట ఇను. ఇప్పుడైతే షీట్ల ఏమున్నదో గదే సంతకం పెట్టు. పోయి మంచిగ రాసుకో. పేరు సంగతి తర్వాత చూసుకుందాం. నేనెక్కడికి పోత?"

తర్వాత. ఈ మాటను నేను నమ్మను. తర్వాత అన్నవాడి మనసు అప్పటికే మధ్యాహ్నం భోజనం దగ్గర ఉంటుంది. కలెక్టరాఫీసులో ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు కోసం తిరిగినన్నాళ్ళూ తర్వాతే. హనుమకొండలో గది కోసం తిరిగితే "తర్వాత చెప్తం" అని మొహం మీద తలుపు వేసిన ఇళ్ళే ఎక్కువ. ఆఖరికి నయీంనగర్ సందులో గది ఇచ్చిన పెద్దాయన కూడా కరెంటు మీటరు చూసే వంకతో రోజూ నా చెప్పుల పక్కన ఇంకెవరి చెప్పులున్నాయో చూసిపోతాడు. ఇక్కడ ఈ సార్ తలుపు సగం మూసి ఎందుకు కూర్చున్నారు? నా పరువు కోసమా, నా గొంతు బయటికి పోకుండానా? ఫోన్ మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం ఎందుకు పెట్టుకుంటున్నారు? గోడ గడియారం కిందే నా కుర్చీ ఎందుకు వేశారు? ముల్లు నాకు కనబడకూడదనేనా? మెడ తిప్పి చూశాను. కనబడింది. సార్ కూడా నేను చూడడం చూశారు. కాజీపేట వైపు నుంచి రైలు కూత వినబడింది. ఇంకెవరో ఇంకెక్కడికో వాళ్ళ పేరు మీద టికెట్ కొనుక్కుని హాయిగా పోతున్నారు.

అటెండర్ టీ తెచ్చి పెట్టాడు. నేను అడగలేదు. ఎవరు తెమ్మన్నారు? కోపంగా ఉన్న మనిషికి టీ పోస్తే ఆ టీ చల్లారేదాకా ఊదుకుంటూ కూర్చుంటుందని, అంతలో టైమైపోతుందని వీళ్ళకు తెలుసు. ముట్టుకోలేదు. టీ మీద పొర కట్టింది. మా నాయినమ్మ అయితే ఆ పొరను చిటికెనవేలితో తీసి నా నోట్లో పెట్టేది, "మీగడ, మింగు" అని. మీగడా కాదు ఏమీ కాదు, కానీ ఆమె పెడితే మీగడే. అమ్మా బాపూ కూలికి పోతే నన్ను చూసుకుంది ఆమే. పరకాల పక్కన మా ఊళ్ళో ఆమె గొంతు లేస్తే పొలాల్లో పందులు కూడా ఆగేవని చెప్పేవాళ్ళు. మనిషి సన్నగా, పొడుగ్గా, వెదురుకర్రలాగా. ఒకరోజు అందరూ పనికి పోయాక నేను ఆమె చీర తీసి చుట్టుకున్నాను. చీర నాకంటే పెద్దది. కాళ్ళకు అడ్డం పడి, నీళ్ళ గాబు పక్కన బోర్లా పడ్డాను. ఆమె వచ్చి చూసింది. కొడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. కొంగు పట్టి లేపి, చీర మొత్తం విప్పి, మళ్ళీ మొదటినుంచి కట్టింది, కుచ్చిళ్ళు లెక్కపెట్టుకుంటూ. "కట్టుకుంటే సక్కగ కట్టుకోవాలె. గిట్ల సుట్టుకుంటె ఆడోళ్ళను ఎక్కిరించినట్టుంటది" అంది. అంతే. బాపుకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆమె పేరు కట్టమ్మ. చెరువుకట్ట మీద మైసమ్మకు మొక్కితే పుట్టిందట. నేను పదో తరగతిలో ఉండగా పోయింది. ఫోటో కూడా లేదు. ఆ పేరు నాకు కావాలనిపించింది. ఆ పేరు తప్ప ఇంకోటి నా ఒంటికి పట్టదనిపించింది.

"మంచి పేరే గానీ గింత పాత పేరేందమ్మా?" అని నవ్వింది ప్రేమలత మేడమ్, పరీక్షల విభాగంలో రికార్డులు చూసే ఆమె, నేను దరఖాస్తు ఇచ్చిన రోజు. "మీవోళ్ళు సమీర అనీ హనీష అనీ స్టైలుగ పెట్టుకుంటరు గద." మీవోళ్ళు. ఎవరోళ్ళు? ఆ రోజే నాకు తేడాగా అనిపించింది. పని ఇంత సులువుగా ఎలా అవుతుంది? కూర్చోమంది, కుర్చీ ఇచ్చింది, నీళ్ళిచ్చింది. కలెక్టరాఫీసు కార్డు నకలు ఒకటి చాలదని రెండు తీసుకుంది. రెండోది ఎందుకని అడిగితే "ఊకె, ఫైలుకు" అంది. ఆన్‌లైన్‌లో "పిలిచే పేరు" అని కొత్తగా ఒక గడి పెట్టారు, అందులో నా పేరు కొట్టించింది. పక్కన చిన్న చుక్క గుర్తు ఉంది. ఆ చుక్క ఏమిటని అడిగితే "ఏం లేదమ్మా, నిబంధనలు" అంది. నిబంధనల గురించి ఏం లేదమ్మా అనేవాళ్ళ దగ్గరే అన్నీ ఉంటాయి. అయినా వారం తిరక్కుండా ఐడీ కార్డు మీద కట్టమ్మ అని వచ్చేసింది. లైబ్రరీలో వేలు పెడితే తెర మీద కట్టమ్మ. మా క్లాసు భానుచందర్ ఐతే ఎగిరి గంతేసి "మన కట్టమ్మక్క సాధించింది" అని వాట్సాప్ గ్రూపులన్నింటిలో పెట్టేశాడు. ఎందుకురా అంత గోల అని తిట్టాను. "గిది పండుగ అక్కా, గోల గాకపోతె ఏముంటది?" అన్నాడు. వాడి మీద కూడా అనుమానం వచ్చింది. నా పేరుతో వాడికేం పండుగ? ఆ మెసేజ్ ఎవడి కంట్లో పడింది? ఎవడు ఎవడికి ఫోన్ చేసి "గీళ్ళకు ఇంత నెత్తికెక్కిస్తరా" అన్నాడు? కిటికీలోంచి చూస్తే వాడు ఎదుటి పరీక్ష గదిలో తల వంచి గబగబా రాస్తున్నాడు. మధ్యలో ఒక్కసారి తలెత్తి ఇటు చూశాడు. నా కుర్చీ ఖాళీగా ఉందని చూశాడా? రాయరా, నువ్వన్నా రాయి.

"రికార్డు ప్రకారం పోవాలె గదమ్మా" అంటున్నారు సార్. "నేను నా సొంతంగ ఏం జెయ్యను. స్కూల్ సర్టిఫికెట్ల నుంచి ఏమున్నదో గదే."

స్కూల్ సర్టిఫికెట్. ఆ మాటకు నవ్వొచ్చింది. మా ఊరి బడిలో మా క్లాసులో సగం మంది జూన్ నెలలోనే పుట్టారు, అదీ ఒకే తారీఖున. ఊళ్ళో ఆ రోజు అన్ని ఇళ్ళలో అన్ని కాన్పులు అయ్యాయంటే మంత్రసాని ఏమైపోయిందో. హెడ్‌మాస్టర్ సార్ అలా రాసుకున్నాడు. బడిలో చేర్చడానికి నన్ను తీసుకుపోయింది నాయినమ్మ. ఇంట్లో నన్ను బుడ్డోడు అనేవాళ్ళు, అంతే. బుడ్డోడు అని రాయలేం కదా అని సార్ తలెత్తి గోడ మీద క్యాలెండర్ చూశాడు. విల్లు పట్టుకున్న దేవుడి బొమ్మ. "సారంగపాణి" అన్నాడు. రాశాడు. మగ అని రాశాడు. తారీఖు రాశాడు. నాయినమ్మ "ఏమని రాసినవ్ సారూ?" అంటే రెండుసార్లు చెప్పాడు. ఆమెకు నోరు తిరగలేదు. చచ్చేదాకా తిరగలేదు. ఇదీ మీ రికార్డు పుట్టుక. క్యాలెండర్ చూసి పెట్టిన పేరు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు, నేను పదేళ్ళు ఆలోచించి పెట్టుకున్న పేరు మాత్రం వేషం. అప్పుడు సార్ ఎవరికి ఫోన్ చేసి రూఢి చేసుకున్నాడు? ఆ క్యాలెండర్ మీద దేవుడికి చేశాడా?

నాకు పేర్లు చెప్పడం చిన్నప్పుడే పెద్ద ఉద్యోగం. రేషన్ షాపులో డీలర్ "ఇంటి యజమాని పేరు?" అంటే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్ను ముందుకు తోసేది, "నువ్వు చెప్పు" అని. నేను ఛాతీ విరుచుకుని మొగిలయ్య అనేవాణ్ణి... అనేదాన్ని. దవాఖానలో సిస్టర్ అడిగినా నేనే. ఓటు కోసం పోతే అక్కడా నేనే. బాపు పేరు అమ్మ నోట నేను ఎప్పుడూ వినలేదు, ఆయన పోయినరోజు ఏడుపులో కూడా వినలేదు. అందరి అమ్మలూ అంతే. మా వాడలో ఆడవాళ్ళకు నోరు లేక కాదు, ఆ నోటితో తిట్టే తిట్లు రాస్తే మీ లైబ్రరీ చాలదు. కొన్ని పేర్లు మాత్రం ఆ నోట రావు. అది సరే. అదంతా ఎందుకు గుర్తొచ్చింది? గడియారం చూడాలి. సార్ ఫోన్ తీశారు. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, నేను గొడవ చేస్తే స్పీకర్ పెట్టారు.

"ఆఁ, ప్రేమలత మేడమ్, ఈ అమ్మాయి... క్యాండిడేట్ ఇక్కడ కూసుని లేస్తలేదు. పేరు ఎందుకు మారింది?"

"సార్, మేము మార్చలే. సిస్టం దానంతటదే పాతదానికి పోయింది. పేరెంట్ వెరిఫికేషన్ ఫెయిల్ అయింది."

"అంటే?"

"నిన్న సాయంత్రం వాళ్ళ మదర్‌కు ఫోన్ చేసినం సార్. పేరు చెప్పమంటే చెప్పలే. కన్ఫర్మ్ చెయ్యలే. మా తప్పేమున్నది, సొంత తల్లే ఒప్పుకోకపాయె."

స్పీకర్‌లో ఆ చివరి ముక్క గది అంతా తిరిగింది. అటెండర్ విన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఇన్విజిలేటర్ విన్నాడు. సార్ నన్ను చూసిన చూపులో ఇందాకటి భయం పోయి జాలి వచ్చింది. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండింది. చెయ్యి ఎవరిదో తేలింది మరి. చెయ్యి మా అమ్మది.

సమ్మమ్మ. మా అమ్మ. నేను అనుమానించాల్సిన వాళ్ళలో ఆమెను ఎందుకు మర్చిపోయాను? అన్నీ కలుస్తున్నాయి ఇప్పుడు. బాపు పోయాక మొదటిసారి చీర కట్టుకుని ఊరికి పోయిన రోజు. చక్కగానే కట్టుకున్నాను, కుచ్చిళ్ళు లెక్కపెట్టుకునే కట్టుకున్నాను. వాడంతా తలుపుల్లో నిలబడి చూసింది. అమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. తలెత్తి చూసి, మళ్ళీ దించి, కాయలు నెరుపుతూనే ఉంది. చాలాసేపటికి "కాళ్ళు కడుక్కో, తింటువు" అంది. తిన్నాను. పేరు చెప్పాను. నాయినమ్మ పేరు పెట్టుకున్నానమ్మా అని. పళ్ళెం వైపు చూసింది, నా వైపు చూడలేదు, పలకలేదు. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా ఒక్కసారి, ఒక్కసారైనా నన్ను కట్టమ్మా అని పిలవలేదు. మొదట్లో "ఓయ్". తర్వాత "ఇగో". ఆ తర్వాత "అత్తా". అవును, అత్తా. "ఏమే అత్తా, అన్నం తింటివా?" "మా అత్త అచ్చింది పట్నం నుంచి, జరుగుండ్రి" అని వాడ ఆడవాళ్ళ ముందు. వాళ్ళు కిసకిసా నవ్వేవాళ్ళు. నేను పెత్తనం చేస్తున్నానని దెప్పడం అనుకున్నాను. వేషం వేసుకుని వచ్చిన కొడుకును నలుగురిలో ఎక్కిరిస్తోంది అనుకున్నాను. పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. ఎన్నిసార్లు బస్సులో పరకాల నుంచి వస్తూ కిటికీ వైపు తిరిగి ఏడ్చానో. పైకి అన్నం పెడుతుంది, లోపల ఒప్పుకోలేదు, లోపల ఇంకా ఆ బుడ్డోడి కోసమే చూస్తోంది అనుకున్నాను. ఇప్పుడు సాక్ష్యం దొరికింది. ఒక్క ఫోన్ వచ్చింది, ఒక్క మాట అడిగారు, నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు. నేను ఎవరెవరినో అనుమానిస్తూ కూర్చున్నాను, ఆ నవ్వుల మేడమ్‌ని, ఆ వెర్రి భానుచందర్‌ని. వీళ్ళకంటే ముందు నన్ను కొట్టేసింది కన్నది.

సార్ పెన్ను నా వైపు తోశారు. మెల్లగా, బాధపడ్డట్టు. "ఇంట్లనే ఒప్పుకోనప్పుడు మనమేం జేస్తం జెప్పు. సంతకం పెట్టమ్మా, టైం అయితాంది."

పెన్ను ముట్టుకోలేదు. ఫోన్ తీశాను. నాది కూడా స్పీకర్‌లోనే పెట్టాను, అందరూ విన్నాక ఇక దాచేదేముంది. రింగు పోతూ ఉంది. ఎత్తదనుకున్నాను. మిరపకాయ ఏరుడు రోజుల్లో ఆమె వేళ్ళు మండుతుంటాయి, ఫోన్‌ను మోచేత్తో నొక్కుతుంది. ఎత్తింది. వెనకాల ఆడవాళ్ళ మాటలు, ఎవరిదో దగ్గు, కాయల ఘాటు నాకు ఇక్కడికే వచ్చినట్టయింది.

"ఏమే అత్తా? పరీచ్చ రాస్తలేవా? గిప్పుడు ఫోన్ జేస్తానవ్?"

"అమ్మా, నిన్న నీకు యూనివర్సిటీ నుంచి ఫోన్ వచ్చిందా?"

"అచ్చింది. పొద్దుగూకేటాల్లకు. ఎవలో మేడమ్."

"ఏమడిగింది?"

"నీ కొడుకు పేరేందమ్మా అన్నది. నాకు కొడుకు లేడు, బిడ్డనే అన్న."

సార్ నా వైపు తోసిన పెన్నును వెనక్కి తీసుకున్నారు.

"తర్వాత?"

"సరే, బిడ్డ పేరే చెప్పు అన్నది. మా అత్త పేరే పెట్టుకున్నది అన్న. గట్ల గాదు, పేరు నోటితోని చెప్పాలె, రికార్డు అయితాంది అన్నది. ఏం చెప్త? నువ్వు పక్కన లేకపోతివి చెప్పెటందుకు. సుట్టూత పది మంది ఆడోళ్ళు, అందరు నా మొకమే సూడవట్టిరి. మా అత్త పేరు నేను తీస్తనా? నీ తాన రాసే ఉన్నది గదనే, నన్నెందుకు అడుగుతున్నవ్ అన్న. పెట్టేసింది. ఏమైంది? ఏమన్న తప్పైందా?"

తప్పు. ఎవరిది తప్పు? నువ్వు పక్కన లేకపోతివి. రేషన్ షాపులో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న మనిషి. నన్ను ముందుకు తోసిన చెయ్యి. ఆ నోట రాని పేర్లు రెండే, బాపుది ఒకటి, అత్తది ఒకటి, ఆ రెండూ ఊళ్ళో అందరికీ నేనే చెప్పేదాన్ని, అమ్మ తరఫున, గట్టిగా, అదేదో పెద్ద పదవి అయినట్టు. అత్త పేరు మనవరాలికి పెడితే ఏ కోడలు ఆ పిల్లను పేరు పెట్టి పిలిచింది మా ఊళ్ళో? మా పక్కింట్లో మొగిలమ్మ అని నాయినమ్మ పేరు పెట్టిన పిల్లను వాళ్ళమ్మ పెళ్ళయ్యేదాకా "అత్తా, అత్తా" అనే పిలిచింది, ఆ పిల్ల పలికేది కూడా. అది నేను చూస్తూ పెరిగాను. మగపిల్లాడు నాయినమ్మ పేరు పెట్టుకుని వేసిన వేషం అనుకునే తల్లి అయితే ఆ పేరును నీళ్ళలాగా పలికేది, ఏ అడ్డమూ ఉండదు, నాటకంలో పేరు ఎవరైనా పలుకుతారు. మా అమ్మ పలకలేదు. ఆ రోజు వాకిట్లో పేరు చెప్పిన నిమిషం నుంచే పలకలేదు. అంటే ఆ నిమిషమే ఒప్పుకుంది. మీ ఫ్లెక్సీ కంటే ముందు, కలెక్టర్ కార్డు కంటే ముందు, నాకు ఆ పేరు నిజంగా ఇచ్చేసింది. వాడ ఆడవాళ్ళ ముందు "మా అత్త అచ్చింది, జరుగుండ్రి" అన్నది దెప్పడం కాదు, చాటింపు. అది వినే చెవి నాకు లేకపోయింది. ఆ చెవిలో మీరు అనుమానం నింపి పెట్టారు, ఇంటి ఓనర్ల నుంచి ఆఫీసు క్లర్కుల దాకా, చెంచాతో పోసినట్టు రోజూ కొంచెం కొంచెం.

సార్ నవ్వారు. మంచి నవ్వే. "అరే, గదా సంగతి! మా ఇంట్ల మా ఆవిడ గూడ గంతే, మా అమ్మ పేరు తియ్యదు. సరే, సరే. అమ్మా, నేను సార్‌ను మాట్లాడుతున్న. ఒక్కసారి చెప్పేయ్, మేడమ్ గూడ నా ఫోన్‌ల లైన్‌లనే ఉన్నది, ఇంటది. రెండు నిమిషాల్ల పని అయితది."

అదిగో. తెలుసు. ఈ మనిషికి ఆ ఆచారం పూర్తిగా తెలుసు, ఆయన ఇంట్లోనూ అదే ఉంది, అయినా చెప్పేయ్ అంటున్నాడు. తన భార్యను ఇలా పది మందిలో ఫోన్ పట్టించి అత్త పేరు తియ్యమంటాడా? నాకు మళ్ళీ అనుమానం మొదలైంది, ఈసారి చల్లగా, స్థిమితంగా. సిస్టం దానంతటదే పోయిందట. సిస్టంకు చేతులుండవు. తల్లి చెబితేనే పేరు అని ఎవరో మనిషి కూర్చుని అందులో పెట్టాడు, ఆ చుక్క గుర్తు వెనకాల. మా క్లాసు అక్షర పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకుంది, వాళ్ళ అమ్మకు ఫోన్ పోలేదు, అత్తకూ పోలేదు. భానుచందర్ ఇంటిపేరు తప్పు పడితే ఒక్కపూటలో సరిచేసి ఇచ్చారు, ఎవరూ ఎవర్నీ అడగలేదు. ముప్పై ఏళ్ళకు దగ్గరపడ్డ నాకు మాత్రం అమ్మ సాక్ష్యం కావాలి. ఓటుకు అక్కర్లేదు, అరెస్టు చేసినప్పుడు అక్కర్లేదు, పేరుకు కావాలి.

ఫోన్‌లో అమ్మ ఊపిరి వినబడుతోంది. వెనకాల ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. తోటంతా చెవులు రిక్కించినట్టుంది.

"చెప్తే నా బిడ్డను లోపలికి పంపుతరా సారూ?"

"పంపుత తల్లీ."

తర్వాత చాలా చిన్న గొంతుతో, నాతోనో, పోయిన ఆమెతోనో, "అత్తా, మన్నించు" అంది. గొంతు సవరించుకుంది.

ఫోన్ కట్ చేశాను.

"అయ్యో, ఎందుకు కట్ జేసినవ్? చెప్పబోయె గద!" అని సార్ కుర్చీలోంచి లేచారు.

"చెప్పబోయింది, అందుకే చేసిన" అన్నాను. "పెండ్లయి అచ్చిన కాన్నుంచి తియ్యని పేరు సార్ అది. నా ఒక్క పరీక్ష కోసం ఆమెతోని తీపిస్తరా? అత్త కాబట్టి మా అమ్మ పలకది. పొద్దటి నుంచి మీరు గూడ ఒక్కసారి పలకలే. పేరు సంగతి, ఈ అమ్మాయి, క్యాండిడేట్ అనే అంటున్నరు. నేను మీకేమైత సార్?"

ఇన్విజిలేటర్ గోడ గడియారం చూసి, నన్ను చూసి, తలుపు మూయడానికి పరీక్ష గది వైపు నడిచాడు. నేను అతనికంటే పెద్ద అడుగులు వేస్తాను, నాయినమ్మ కాళ్ళు నావి. చీర కుచ్చిళ్ళు పట్టుకుని పోయి గడప మీద కూర్చున్నాను, సరిగ్గా మధ్యలో, వీపు ఒక రెక్కకు, మోకాళ్ళు ఇంకో రెక్కకు ఆనించి. రాసేవాళ్ళు రాస్తూనే ఉన్నారు, కొందరు తలెత్తారు. భానుచందర్ లేవబోయాడు, కూర్చోరా, రాయి అని సైగ చేశాను. నా వెనకాల ఖాళీ బల్ల మీద నా నంబరు అతికించి ఉంది. నంబరుకు మాత్రం ఎవరి సాక్ష్యమూ అడగలేదు. ఇప్పుడీ తలుపు పడదు. నన్ను ఎత్తి పక్కన పెట్టాలంటే ముందు నన్ను ఆడ కానిస్టేబుల్ పట్టుకోవాలా మగ కానిస్టేబుల్ పట్టుకోవాలా అని మీరు తేల్చుకోవాలి, అది తేలేలోపు నేను మూడు ప్రశ్నలు రాసేస్తాను.

వినండి. సార్ కూడా వినండి, ఆ ఫోన్‌లో ఇంకా లైన్‌లో ఉన్న మేడమ్ కూడా వినండి. ఆ షీటు ఇక్కడికి తెండి. సారంగపాణి మీద గీత కొట్టండి. పక్కన కట్టమ్మ అని రాయండి, మీ చేత్తో, మీ సంతకంతో. పేపర్ ఇవ్వండి. మీరు తినేసిన టైం చివర్లో నాకు కలపండి. ఆ చుక్క గుర్తు వెనకాల ఉన్న నిబంధన ఇవాళే పీకెయ్యండి, నా ఒక్కదానికి కాదు, నా తర్వాత వచ్చే అందరికీ. మీ రికార్డులో మా అమ్మ నంబరు కొట్టెయ్యండి, మిరపతోటలో ఆమె పని ఆమెను చేసుకోనివ్వండి. సాక్ష్యం కావాలా? సాక్షి ఇక్కడే మీ గడప మీద కూర్చుని ఉంది. నా పేరు నన్నడగండి. నోటితోనే అడగండి.

అడగండి సార్. తర్వాత కాదు.